బోణీ చెక్కు

దసరా పోయిన వారానికి, మా పాలాయన ముత్యం ఒకరోజు పాలు పోసి పోకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు. నెల లెక్క మొన్ననే ఇచ్చాను కదా, ఇంకేం కావాలయ్యా అన్నాను. నాకు అంగన్‌వాడీకి టైమవుతోంది.

"పాల పైసలు కాదక్కా," అని జేబులోంచి కాగితాలు తీశాడు. చెక్కులు. మొత్తం పదకొండు. ఒక్కొక్కటి నూటొక్క రూపాయలకు. కింద మా బాపు సంతకం.

"పొద్దుగాల నేనొచ్చేసరికి మునీంసాబ్ అరుగు మీద కూసోని ఉంటడు. 'రా, బోణీ' అని చేతిల పెడ్తడు. వద్దంటే గుస్సయితడు. ముందుగాల ఇచ్చినయి ఆరు బ్యాంకుల ఏసుకున్న, అబద్ధమెందుకు. గివి ఎయ్యబుద్ధి కాలే."

నేను నెత్తి కొట్టుకున్నాను. ముత్యం ఒక్కడే అయితే అతని మంచితనానికి దండం పెట్టి ఊరుకునేదాన్ని. ఆరా తీస్తే పేపరాయనకు ఇచ్చాడు, ఆటో అతనికి ఇచ్చాడు, ఎవరో కూరగాయలమ్మే ఆమెకు ఐదువందలు రాసిచ్చాడు. వాళ్లెవరూ ముత్యంలాగా చెక్కులు దాచి తెచ్చే రకం కాదు.

మా బాపు గంగయ్య ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లుకు ముప్పై ఎనిమిదేళ్లు మునీం. బండి దగ్గరికి పోయి పత్తి చూడటం, ధర కట్టడం, రైతుకు చెక్కు రాసివ్వడం ఆయన పని. సీజన్‌లో పొద్దున మొదటి బండికి రాసే చెక్కును బోణీ అనేవాడు. అది మంచి చేత్తో పడాలని స్నానం చేసి, బొట్టు పెట్టుకుని రాసేవాడు. మిల్లు మానేసి పదకొండేళ్లయింది. రెండేళ్ల నుంచి మతిమరుపు జబ్బు. డాక్టర్ డిమెన్షియా అని రాసి, మందులిచ్చి, తగ్గదు, పెరగకుండా చూసుకోవాలి అన్నాడు. సరే, అన్నం తిన్నది మరిచిపోతాడు, తన భార్య, మా అవ్వ, పోయిందని మరిచిపోతాడు. చెక్కు రాయడం మాత్రం మరిచిపోడు. ఇదెక్కడి జబ్బో నాకు అర్థం కాదు.

ఆయనకు పింఛన్ లేదు. మిల్లు ఇచ్చినదీ, తాను కూడబెట్టినదీ కలిపి బ్యాంకులో నాలుగు లక్షల డిపాజిట్ ఉంది. దాని వడ్డీ నెలకు రెండువేల చిల్లర. ఆయన మందులు దానితోనే నడుస్తాయి. లారీ మీద తిరిగే మా ఆయన జీతం, నా జీతం ఇంటికే చాలవు. ఆ డిపాజిట్ మీద బాపు లక్ష రూపాయల ఓవర్‌డ్రాఫ్ట్ పెట్టించుకున్నాడు. అంటే ఖాతాలో పైసా లేకున్నా లక్ష దాకా బ్యాంకు చెక్కులు పాస్ చేస్తుంది, వడ్డీ మన నెత్తిన వేస్తుంది, కట్టకపోతే డిపాజిట్‌లోంచి తీసుకుంటుంది. మతి సరిగ్గా ఉన్నప్పుడే చేశాడు ఆ పని. ఎందుకయ్యా అంటే తన చెక్కు జన్మలో వాపస్ రాకూడదట.

చెక్కుబుక్కు తీసి బియ్యం డబ్బాలో దాచాను. మూడు రోజులు ఇల్లంతా వెతికాడు. నాలుగో రోజు నేను అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి ఇస్త్రీ బట్టలు వేసుకుని, తల దువ్వుకుని, అరుగు మీద నిమ్మళంగా కూర్చున్నాడు. జేబులోంచి కొత్త చెక్కుబుక్కు తొంగి చూస్తోంది. ఆటో ఎక్కి బ్యాంకుకు పోయి, కాగితం రాసిచ్చి, తెచ్చుకున్నాడు. ఆటో అతనికి చెక్కిచ్చాడు.

కరీంనగర్‌లో ఉండే తమ్ముడు హరీష్‌కు ఫోన్ చేశాను.

"చెక్కుబుక్కు దాచిపెట్టరాదు అక్కా?" అన్నాడు.

"దాచిన. కొత్తది తెచ్చుకున్నడు."

"అయితే బ్యాంకోళ్లకు చెప్పు."

"నువ్వొచ్చి చెప్పు."

"నాకు మార్చి దాక లీవు దొరకదక్కా. నువ్వు దగ్గరున్నవు గద."

దగ్గరున్నందుకు నాకు ఈ శాస్తి. ఫోన్ పెట్టేశాను.

మరునాడు సెలవు పెట్టి బాపును తీసుకుని బ్యాంకుకు పోయాను. మేనేజర్ ప్రమోదిని అని, ముప్పై ఐదేళ్లుంటాయేమో, కరీంనగర్ నుంచి బదిలీ మీద వచ్చింది. గదిలో అప్పటికే ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. నాకు ఆగే ఓపిక లేదు. "మేడం, మా బాపుకు మతి సక్కగ లేదు. ఎవలు కనవడ్తె వాళ్లకు చెక్కులు రాసిస్తుండు. గీ చెక్కులు బంద్ చెయ్యుండ్రి," అని అందరి ముందే అనేశాను.

ఆమె బాపు వైపు చూసింది. "సార్, ఈ రోజు ఏ వారమండీ?"

"మంగళవారం," అన్నాడు బాపు. "మంగళవారం బ్యాంకుల రద్దీ తక్కువుంటది. అందుకే మా బిడ్డ ఇయ్యాల తీసుకొచ్చింది. మీది ఏ ఊరమ్మా?"

"కరీంనగర్ సార్."

"మంచిది. జమ్మికుంట మార్కెట్‌కు మస్తుసార్లు పోయిన. నల్లరేగడి పత్తి, పింజ పొడుగ్గ ఉంటది." ఆ తర్వాత పది నిమిషాలు డిపాజిట్ వడ్డీ ఎంత, ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ ఎంత, రెండింటికీ తేడా ఎంత అని ఆమెతో మాట్లాడాడు. ఒక్క అంకె తప్పు పోలేదు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. ఇదే మనిషి పొద్దున అంగీ తిరగేసి తొడుక్కుని, గుండీలు ఏవి అని నన్ను తిట్టాడు. చివరికి గొంతు తగ్గించి, "మా బిడ్డ మంచిదే. కని గీ నడుమ నా పైసల మీద జర ఎక్కువ ఫికర్ చేస్తుంది," అన్నాడు.

గదిలో ఉన్నవాళ్లందరూ నన్ను చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ప్రమోదిని నన్ను బయటికి పిలిచి, "మీ బాధ నాకు అర్థమవుతోందండీ," అంది. "కానీ ఖాతా ఆయనది. ఆయన చేత్తో రాసి, సంతకం పెట్టి ఇస్తే ఈ నిమిషమే ఆపేస్తాను. లేదంటే కోర్టు నుంచి మీరు గార్డియన్ అని ఉత్తర్వు తేవాలి. మీరు చెప్పారని ఆపితే, రేపు ఇంకొకాయన కొడుకు వచ్చి ఇదే మాట అంటాడు. అప్పుడు నేనేం చెయ్యాలి?"

ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దానికి ఇంకా ఒళ్లు మండింది. కోర్టంటే లాయరు, డాక్టర్ సర్టిఫికెట్లు, ఎన్ని నెలలో. ఆలోపు ఆ లక్షా బోణీ అయిపోతుంది. ఆటోలో ఇంటికి వస్తుంటే బాపు బయటికి చూస్తూ, "మనం ఎటు పోయినం బిడ్డా?" అన్నాడు.

ఇంటికొచ్చాక కాగితం ముందు పెట్టి, సంతకం చెయ్యమని అడిగాను. బతిమిలాడాను. అరిచాను. "నా చెక్కు నేను ఎందుకు బంద్ చేసుకుంట? నేనేమన్న దివాలా తీసిన్నా?" అన్నాడు. వారం రోజులు ఇదే పంచాయితీ. కొత్త చెక్కుబుక్కు ఎక్కడ పెట్టాడో నాకు దొరకలేదు. ఈసారి దాచింది ఆయన.

ఆ ఏడు దీపావళి తర్వాత కూడా వానలు పడ్డాయి. చేలల్లో విచ్చిన పత్తి చెట్టు మీదే తడిసింది. సర్కారు కొనుగోలు కేంద్రంలో మిషను పెట్టి తేమ చూస్తారు, పన్నెండు శాతం దాటితే బండి వాపస్. మార్కెట్ యార్డు ముందు వాపస్ వచ్చిన బండ్లు రోడ్డు పొడుగునా ఉండేవి. మాకు పత్తి చెలక లేదు కాబట్టి అదంతా మాకు సంబంధం లేని గోల అనుకున్నాను.

ఒక శుక్రవారం నాలుగున్నరకు ఇంటికొచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. పక్కింటి దేవవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను లేనప్పుడు బాపును కనిపెట్టుకుని ఉండేది ఆమే.

"నేను వద్దన్న బిడ్డా. నా మాట ఇంటె గద," అంది.

ముందు గదిలో పత్తి. నడుము లోతు పత్తి. టీవీ సగం దాకా మునిగిపోయింది, సోఫా జాడ లేదు. వంటింట్లోకి పోవడానికి దారి లేదు. బాపు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"పదకొండు క్వింటాళ్లు," అన్నాడు. "ఏడువేల చొప్పున డెబ్బై ఏడు వేలు. రాసిచ్చిన. అంబదాస్ మాట మీద తూకం ఒప్పుకున్న. వాళ్ల నాయన కాలం సంది మనకే పోస్తరు."

నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. చెప్పులు విడవడానికి చోటు లేక అట్లాగే నిలబడ్డాను. తర్వాత ఆ కోపం వచ్చింది. ఆ గల్లీలో వినని వాళ్లు లేరు.

శనివారం బ్యాంకు తెరవకముందే పోయాను. చెక్కు ఆపాలన్నా ఖాతాదారే చెప్పాలి. బాపు చెప్పడు. సోమవారం డెబ్బై ఏడు వేలూ పాసయ్యాయి. అంతకు ముందువి కలుపుకుంటే ఓవర్‌డ్రాఫ్ట్ లక్షకు అంచు దాకా వచ్చింది. ఇక అక్కడి నుంచి వాపస్‌లు మొదలయ్యాయి. జన్మలో వాపస్ రాకూడదన్న చెక్కు వారంలో నాలుగుసార్లు వచ్చింది. నూటొక్క రూపాయల చెక్కు తిరిగొస్తే బ్యాంకు జుర్మానా ఐదువందలు, దాని మీద పన్ను తొంభై. నాలుగు చెక్కులకు రెండువేల మూడువందల అరవై. ఆ నెల ఆయన మందుల డబ్బు అక్కడికక్కడే పోయింది. మెసేజ్ నా ఫోన్‌కే వస్తుంది. టింగుమన్నప్పుడల్లా పిల్లలకు గుడ్లు పంచుతూ నాలో నేనే తిట్టుకునేదాన్ని.

ఇంట్లో పత్తి వేడెక్కడం మొదలైంది. తడి పత్తి కుప్పలో చెయ్యి పెడితే లోపల ఉడుకుతున్నట్టుంటుంది. అట్లాగే వదిలేస్తే పసుపు పచ్చబడి ఎందుకూ పనికిరాదు. పొద్దున నేనూ దేవవ్వా దుప్పట్లలో మూటలు కట్టి డాబా మీదికి మోసి ఆరబోయడం, సాయంత్రం మళ్లీ దింపడం. అన్నంలో పింజలు, పప్పులో పింజలు, నా జడలో పింజలు. అంగన్‌వాడీ సూపర్‌వైజర్ నన్ను చూసి, "ఏంది రోజారాణీ, పత్తి ఏరడానికి పోతున్నవా?" అని నవ్వింది.

ఆ పత్తి పోసిపోయిన అంబదాస్‌కు ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎనిమిదోసారి ఎత్తాడు. ఆదివారం వచ్చాడు. బార్డర్ దగ్గరి పల్లె, అక్కను మరాఠీలో తాయీ అంటాడు, నలభై ఏళ్ల మనిషి. లోపలికి రాకుండా గుమ్మంలోనే కూలబడ్డాడు.

"మా బాపు మిల్లు మానేసి పదకొండేండ్లు. నీకు తెల్వదా?" అన్నాను.

"తెలుసు తాయీ."

"మరి?"

"సెంటర్‌ల మిషిను పెడ్తె పద్దెనిమిది వచ్చింది. వాపస్ కొట్టిండ్రు. ప్రైవేటోళ్లు నాలుగున్నర వేలన్నరు. బండి కిరాయి మీద పడవట్టె. గీ గల్లీల నుంచి పోతాంటె మునీంసాబే చెయ్యెత్తి ఆపిండు. మా నాయన పేరు పెట్టి పిలిచిండు నన్ను. చెక్కు రాసేటప్పుడు నా పేరు నేనే చెప్పిన."

"మీ నాయన పేరు పెట్టి పిలిస్తె నీకు సమజ్ కాలేదా, ఆయనకు మంచిగ లేదని?"

"అయింది తాయీ," అన్నాడు.

అబద్ధం చెప్పి ఉంటే చీపురు తీసుకునేదాన్ని. ఒప్పుకునేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. డబ్బు ఎరువుల దుకాణం వాడు అప్పు కింద గుంజుకున్నాడట. ఇంకో వారం ఆరబెడితే తేమ దిగుతుందనీ, తన పట్టా పాసుబుక్కు మీద తానే కేంద్రానికి తోలుకుపోయి, వచ్చిన ప్రతి పైసా నా చేతిలో పెడతాననీ అన్నాడు. నమ్మాలో లేదో తెలియదు. నాకు పాసుబుక్కు లేదు, నమ్మకపోతే వేరే దారీ లేదు. మేమట్లా మాట్లాడుతుండగానే లోపలి గదిలోంచి బాపు వచ్చాడు.

అంబదాస్ లేచి దండం పెట్టాడు. బాపు అతన్ని గుర్తుపట్టలేదు. నేరుగా కుప్ప దగ్గరికి పోయి, లోపలి నుంచి పిడికెడు పత్తి లాగి చెంపకు ఆనించుకున్నాడు. ఒక గింజ ఒలిచి పంటి కింద పెట్టి కొరికాడు. ఆయన ముఖం మారిపోయింది.

"తేమున్నది," అన్నాడు. "పదిహేను పైననే. గింజ పటుక్కుమంటలేదు. ఎవడు కొన్నడు దీన్ని?"

నువ్వే అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అనడానికి ఇన్ని రోజుల నుంచి కాచుకుని ఉన్నాను. ఆయన చేతిలో ఆ పత్తి, ఆ కళ్లు చూస్తే అనలేకపోయాను.

"మునీం కొన్నడు బాపు."

"ఏ మునీం?"

"పాత మునీం."

"ముసలోడా?"

"డెబ్బై ఆరు."

"కండ్లు కనవడ్తలేవా?"

"కండ్లు మంచిగనే ఉన్నయి. యాది ఉంటలేదు."

బాపు పత్తిని కుప్ప మీద మెల్లగా పెట్టాడు. కుర్చీలో కూర్చున్నాడు. "చెక్కులు గూడ గాయనే రాస్తుండా?"

"గాయనే. వాపస్ గూడ వస్తున్నయి."

"మిల్లు సేట్‌కు తెలుసా?" అన్నాడు.

"తెల్వది."

"చెప్పకు. తెలిస్తె ఇంటికి తోలిస్తడు. కాయిదం, పెన్ను తీస్కరా. ఆయన చేతిల నుంచి చెక్కుబుక్కు తియ్యాలె. బ్యాంకుకు రాస్త."

కాగితం తెచ్చి ఇచ్చాను. పైన తేదీ నన్ను అడిగి వేశాడు. ఖాతా నంబరు మాత్రం అడగలేదు. పదకొండు అంకెలూ తడుముకోకుండా రాశాడు, అది ఆయన సొంత ఖాతాదే. సగం రాశాక తలెత్తి, "ఇంట్ల ఎవరున్నరు ఆయనకు?" అన్నాడు.

"ఒక బిడ్డ."

"ఎసొంటిది?"

అంబదాస్ నా వైపు చూశాడు.

"కోపం జాస్తి," అన్నాను. "కని చూసుకుంటది."

బాపు తలూపి మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. రాసి, సంతకం పెట్టి, నాలుగు మడతలు పెట్టాడు. లేచి దేవుడి పటం వెనకాల చెయ్యి పెట్టి చెక్కుబుక్కు తీసి, దాని మీద కాగితం పెట్టి నాకిచ్చాడు. "చదువకు. బ్యాంకు కాయిదం. మేనేజర్‌కే ఇయ్యి," అన్నాడు. అరగంట తర్వాత ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు. అన్నం పెట్టలేదని నన్ను తిట్టాడు.

సోమవారం బ్యాంకుకు ఒక్కదాన్నే పోయాను. ఈసారి గదిలో ఉన్నవాళ్లు వెళ్లిపోయేదాకా బయట ఆగాను. ప్రమోదిని ముందు కంప్యూటర్‌లో సంతకం పక్కన పెట్టి చూసుకుంది. "కలిసిందండీ," అంది. తర్వాత ఉత్తరం చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి నన్ను చూసింది.

"ఇది మీరు చదివారా?"

"లేదు మేడం. చదవొద్దన్నడు."

ఆమె పైకి చదివింది.

"బ్యాంకు మేనేజరు గారికి నమస్కరించి వ్రాయునది. పై ఖాతా మీద ఇకమీదట ఏ చెక్కునూ పాసు చేయవద్దు. ఓవర్‌డ్రాఫ్టు బందు చేయగలరు. మిగిలిన చెక్కులు వాపసు ఇస్తున్నాను. చెక్కులు వ్రాసే మునీం తడి పత్తి కొనుచున్నాడు. ఇందులో అతని తప్పు లేదు. ముప్పై ఎనిమిది సంవత్సరములు నమ్మకంగా పని చేసినాడు. అతని బిడ్డకు కోపం జాస్తి అని తెలిసినది. కావున ఈ సంగతి ఆమెకు మెల్లగా, మర్యాదగా తెలియజేయగలరు."

ముప్పై ఎనిమిది అని నేను బాపుకు చెప్పలేదు.

ప్రమోదిని ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి కళ్లజోడు తీసింది. బయట కౌంటర్ దగ్గర ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు.

"కూర్చోండి రోజారాణి గారూ," అంది.

కూర్చున్నాను.

"మీ నాన్నగారి చెక్కులు ఇవాళ్టి నుంచి ఆపేస్తున్నామండీ," అంది. తర్వాత కొంచెం ముందుకు వంగి, మెల్లగా, "ఇందులో ఆయన తప్పు లేదు," అంది.

"సరే మేడం," అన్నాను.